ఎండాకాలంలో చెరువు పార్క్‌కి పెద్దవాళ్లు, పిల్లలతో ఒకరోజు ట్రిప్, ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ఇద్దరు_పిల్లల_అమ్మ

అందరికీ నమస్తే అండి. పిల్లలకి సెలవులు ఇచ్చేశారు, ఇంట్లో ఉంటే పొద్దస్తమానం ఫోన్లు పట్టుకుని కూర్చుంటున్నారు, అందుకే ఒకరోజు అందరం కలిసి చెరువు పక్కనున్న పార్క్‌కి వెళ్దాం అనుకుంటున్నాం. పెద్ద చెరువే, బోటింగ్ ఉంది, ఉయ్యాలలు జారుడుబల్లలు ఉన్నాయి, గట్టు మీద నడవడానికి దారి వేశారు, ఒక పక్క మెట్లున్న చోట జనం నీళ్లలోకి దిగుతుంటారు కూడా. మేం ఆరుగురం. నేను, మా ఆయన, బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి నాలుగు, ఇంకా మా అత్తయ్య మామయ్య. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, మామయ్య రోజూ బీపీ టాబ్లెట్లు వేసుకుంటారు.

మా ఆయన ప్లాన్ ఏంటంటే పదింటికి తీరిగ్గా బయల్దేరి, ముందు బోటింగ్ చేసేసి, మధ్యాహ్నం చెట్ల కింద దుప్పటి పరుచుకుని భోంచేసి, పిల్లల్ని కాసేపు నీళ్లలో ఆడనిచ్చి, సాయంత్రం లైట్లు వెలిగాక ఇంటికి రావడం. అత్తయ్యేమో ఈ ఎండలో వద్దే వద్దు, వానలు పడ్డాక చూద్దాం అంటున్నారు. ఆవిడని వదిలేసి వెళ్లడం నాకు ఇష్టం లేదు, ఆవిడ అలా బయటికొచ్చి చాన్నాళ్లయింది, నీళ్ల పక్కన కాసేపు కూర్చుంటే మా అందరికన్నా ఆవిడకే హాయిగా ఉంటుందని నా మనసులో ఉంది.

ఏ టైంకి వెళ్తే మంచిది, పెద్దవాళ్లకి ఇబ్బంది లేకుండా ఎలా చూసుకోవాలి, పిల్లల్ని నీళ్లలోకి దింపొచ్చా, ముందే ఫోన్ చేసి అడగాల్సినవి ఏమైనా ఉన్నాయా? నీళ్ల పక్కనే కదా చల్లగానే ఉంటుంది అని మా ఆయన అంటున్నారు, అది ఎంతవరకు నిజం?

గట్టుమీద_నడక

మేడం, ముందు ఆ పదింటికి బయల్దేరడం అనేది మార్చేయండి, అది మారితే సగం సమస్యలు వాటంతటవే పోతాయి. మీ ప్లాన్ ప్రకారం బోట్ ఎక్కేసరికి పదకొండు, పన్నెండు అవుతుంది, అంటే రోజు మొత్తంలో ఎండ నెత్తిన కొట్టే టైంకి మీరు సరిగ్గా చెరువు మధ్యలో ఉంటారు. అల్ట్రావయొలెట్ కిరణాలు పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా బాగా గట్టిగా ఉంటాయి. దీనికి వాచీ కూడా చూసుకోనక్కర్లేదు, నేల మీద మీ నీడ చూసుకోండి, మీ ఎత్తు కన్నా నీడ పొట్టిగా అయిందంటే ఇక చెట్టు కిందికి వెళ్లిపోవాలని అర్థం, పిల్లలకి ఇది నేర్పిస్తే వాళ్లే మాటిమాటికీ చూసి మీకు చెప్తారు.

నీళ్ల పక్కన చల్లగా ఉంటుందన్నది ఉత్త మాటేం కాదు. నేల తొందరగా వేడెక్కుతుంది, నీళ్లు నెమ్మదిగా, అందుకని పగటిపూట నేల మీది వేడి గాలి పైకి లేస్తే నీళ్ల మీంచి చల్లగాలి ఇటు వస్తుంది. కానీ దాన్ని నమ్ముకుని రోజంతా ఉండలేం, చిన్న చెరువైతే ఆ గాలి అంతంతమాత్రం, పెద్దదైనా ఒడ్డుకి దగ్గర్లో ఉన్నంతవరకే తెలుస్తుంది, పైగా గాలి ఆగిపోతే నీళ్ల పక్కన తేమకి చెమట ఆరక ఉక్కపోస్తుంది. ఇంకో విషయం, గాలి తగులుతుంటే ఒంటికి వేడి తెలీదు కానీ చర్మం మాత్రం కాలుతూనే ఉంటుంది, పల్చటి మబ్బు పట్టినా ఆ కిరణాలు చాలావరకు దిగుతాయి, నీళ్లలో అర మీటరు లోతున కూడా పైన ఉన్నదాంట్లో దాదాపు 40 శాతం ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. కాబట్టి నీళ్లలో ఉన్నారు కదా అని పిల్లలకి ఎండ తగలదనుకోవద్దు. పొడుగు చేతుల పల్చటి కాటన్ చొక్కాలు, అంచు వెడల్పున్న టోపీలు అన్నిటికన్నా బాగా పనిచేస్తాయి, సన్‌స్క్రీన్ రాస్తే రెండు గంటలకోసారి, తడిస్తే ఆరగానే మళ్లీ రాయాలి.

నేనైతే గేటు తెరిచే టైంకే అక్కడ ఉంటాను. ముందు నడక, కౌంటర్ తెరవగానే బోటు, ఆ తర్వాత నీడలో కూర్చుని తినడం, పదిన్నరకల్లా కారెక్కేయడం. అలా అయితే మీ అత్తయ్య కూడా ఒప్పుకుంటారనుకుంటా, ఆవిడ భయం ఎండ గురించే కదా. దుప్పటి పరిచే చోటు గురించి కూడా ఒక మాట, పొద్దున్నే వెళ్తే చెట్ల నీడ పడమరకి బారుగా పడుంటుంది, చాలామంది ఆ నీడ చివర పరుస్తారు, గంటన్నరకల్లా నీడ వెనక్కి లాక్కుపోయి ఎండలో పడతారు, అప్పుడు పెద్దవాళ్లని లేపి సామాన్లన్నీ మోసుకుని జరగాలి. మొదట్లోనే చెట్టు మొదలుకి దగ్గరగా పరిచేసుకోండి, నీడ ఎంత ముడుచుకున్నా మీ మీదే ఉంటుంది.

ఫోన్ చేసి అడగాల్సింది తప్పకుండా ఉంది. ఎండాకాలంలో నీళ్లు తగ్గిపోయి చాలా చోట్ల బోట్లు ఆపేస్తారు, నెట్‌లో ఫొటోలు చూసి వెళ్తే అవి వానాకాలంలో చెరువు నిండినప్పుడు తీసినవి అయ్యుంటాయి, తీరా వెళ్తే బోటెక్కే ప్లాట్‌ఫాం ఒక చోట, నీళ్లు ఇంకెక్కడో ఉంటాయి. బోట్లు నడుస్తున్నాయా, ఎన్నింటి నుంచి, చిన్నపిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఉన్నాయా, పార్కింగ్ నుంచి నీళ్ల దాకా ఎంత దూరం, మధ్యలో మెట్లున్నాయా, వీల్‌చెయిర్ గానీ బ్యాటరీ బండి గానీ దొరుకుతుందా, ఇవన్నీ అడగండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి పార్క్ ఎంత బాగుందన్నదాని కన్నా వీపు ఆనించుకునే బెంచీ, దగ్గర్లో టాయిలెట్ ఉన్నాయా లేదా అన్నదే ముఖ్యం. వీలైతే వారం మధ్యలో వెళ్లండి, నీడలో బెంచీలు ఆదివారం దొరకడం కష్టం.

ఈత_నేర్పేవాడు

అక్కా, మీ పోస్ట్‌లో "పిల్లల్ని కాసేపు నీళ్లలో ఆడనిచ్చి" అన్న చోట నా మనసు ఆగిపోయింది, మిగతావి పైన అన్నగారు బాగా చెప్పారు కాబట్టి నేను ఆ ఒక్కదాని గురించే రాస్తాను.

అది ఈతకని హద్దులు కట్టి, లైఫ్‌గార్డ్‌ని పెట్టిన చోటేనా? కాకపోతే పిల్లల్ని దింపొద్దు, మోకాళ్ల దాకా అయినా సరే. చెరువు స్విమ్మింగ్ పూల్ లాంటిది కాదు, అడుగు కనపడదు, లోతు ఒకేలా ఉండదు. పూడిక తీసిన చోట, మట్టి తవ్విన చోట రెండడుగుల నీళ్లు అనుకున్నది ఒక్క అడుగు ముందుకేస్తే తల మునిగేంత లోతు అవుతుంది. నీళ్లలో మునిగున్న మెట్ల మీద నాచు ఉంటుంది, పై మెట్టు పొడిగా కనిపిస్తుంది, దాని కింది మెట్టు మీద కాలు పెట్టగానే జర్రున జారుతుంది, పట్టుకోడానికి ఏమీ ఉండదు. తూటికాడ, గుర్రపుడెక్క ఉన్న వైపు అయితే కాళ్లకి చుట్టుకుంటాయి, ఈత వచ్చినవాళ్లు కూడా అక్కడ ఇబ్బంది పడతారు. ఇంకొకటి, ఎండాకాలంలో లోతైన చెరువుల్లో పైపొర మాత్రమే గోరువెచ్చగా ఉంటుంది, వేడి నీళ్లు తేలిక కాబట్టి పైనే ఉండిపోతాయి, కింద చల్లగా ఉంటుంది. ఎండలో ఆడి ఆడి వేడెక్కిన ఒళ్లు ఒక్కసారిగా ఆ చలిలోకి వెళ్తే మనకి తెలీకుండానే గట్టిగా ఊపిరి లాగుతాం, ఆ క్షణంలో మొహం నీళ్లలో ఉంటే అంతే.

గాలి కొట్టే రింగులు, బొమ్మల్లాంటి ఫ్లోట్‌లు దయచేసి తీసుకెళ్లకండి. ఒడ్డు నుంచి లోపలికి గాలి వీస్తుంటే అవి చూస్తుండగానే నీళ్ల మధ్యకి కొట్టుకుపోతాయి, పిల్లలు దాని కోసం వెనకాలే వెళ్తారు.

మునిగిపోయే పిల్లలు అరుస్తారు, చేతులు ఊపుతారు అని అందరూ అనుకుంటారు, చాలాసార్లు అలా జరగదు. నోరు నీళ్ల మట్టానికి వచ్చీ పోతూ ఉంటుంది, ఊపిరి తీసుకోడానికే టైం చాలదు, ఇక అరవడానికి ఎక్కడ. చేతులు పైకి లేపడం కాదు, పక్కల నుంచి నీళ్లని కిందికి నొక్కుతుంటారు, దూరం నుంచి చూస్తే ఆడుకుంటున్నట్టే ఉంటుంది. 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీళ్లలో మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, వాళ్లలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలే. మీ పాప వయసు అదే అక్కా, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మీరు ఆరుగురిలో నలుగురు పెద్దవాళ్లు ఉన్నారు కదా, అందరూ చూస్తుంటార్లే అనుకోకండి. ఒక్కరికి అప్పజెప్పండి. ఆ టైంలో వాళ్లు ఫోన్ తీయకూడదు, తినడాలు సర్దడాలు చేయకూడదు, పాప నుంచి చెయ్యి చాచితే అందేంత దూరంలో ఉండాలి. పదిహేను నిమిషాలకి మనిషి మారాలి, మారేటప్పుడు "ఇప్పట్నుంచి నువ్వు చూడు" అని పేరు పెట్టి పిలిచి చెప్పాలి, వాళ్లు "సరే" అన్నాకే మీరు పక్కకి చూడాలి. నీళ్లలోకి దిగకపోయినా, గట్టు మీద ఆడుకుంటున్నా ఇదే పద్ధతి.

బోటు దగ్గర లైఫ్ జాకెట్ ఇవ్వగానే వేసేసి ఫొటోకి నిలబెట్టకండి, ముందు చూడండి. క్లిప్పులు అన్నీ పడుతున్నాయా, బెల్టు లాగితే జారిపోతోందా, లోపలి ఫోమ్ విరిగి ముక్కలయిందా. వేశాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి, జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా వస్తే అది వదులు, నీళ్లలో పడితే పాప కిందికి జారిపోయి జాకెట్ ఒక్కటే తేలుతుంది. చిన్నపిల్లలకి కాళ్ల మధ్య నుంచి వచ్చే బెల్టు ఉన్న జాకెట్ కావాలి. పెద్దవాళ్లు కూడా వేసుకోవాలి, మామయ్యగారు వద్దన్నా సరే.

ఎవరైనా పడితే వెంటనే దూకొద్దు, ఇద్దరూ పోయేది అక్కడే. కర్ర అందించండి, లేదా చున్నీ, తాడు, మూత పెట్టిన ఖాళీ క్యాన్ ఏదైనా విసరండి, సాయం కోసం అరవండి. బయటికి తీశాక ఊపిరి లేకపోతే నోట్లో నోరు పెట్టి గాలి ఊది ఆ తర్వాత ఛాతీ నొక్కాలి, మునిగినవాళ్లకి ముందు కావాల్సింది గాలి. పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులుగా పట్టుకుని ఊపడం అస్సలు చేయకూడదు.

ఇద్దరు_పిల్లల_అమ్మ

ఇంత ఓపిగ్గా రాసినందుకు ఇద్దరికీ చాలా థ్యాంక్స్. మా ఆయనకి చదివి వినిపించాను, నీళ్లలోకి దింపడం క్యాన్సిల్ అని ఆయనే అన్నారు. ఫోన్ కూడా చేశాను, బోట్లు నడుస్తున్నాయట, ఎనిమిదిన్నరకి కౌంటర్ తెరుస్తారట, పార్కింగ్ నుంచి ర్యాంపు ఉందట మెట్లు లేవట. చిన్నపిల్లల జాకెట్ల గురించి మాత్రం "ఉంటాయి లెండి" అని సగం సగం చెప్పారు.

పొద్దున కాకుండా సాయంత్రం నాలుగున్నరకి వెళ్తే ఎలా ఉంటుంది? పిల్లలకి ఆ లైట్లు చూడాలని ఉంది. ఇంకా, మామయ్య టాబ్లెట్ల గురించి ఎవరూ చెప్పలేదు.

రాత్రి_డ్యూటీ_నర్సు

టాబ్లెట్ల సంగతి నేను చెప్తానండి. బీపీకి ఇచ్చే మందుల్లో కొన్ని ఒంట్లో నీళ్లు ఎక్కువ మూత్రంగా పోయేలా చేసేవి ఉంటాయి, ఎండలో చెమట కూడా పడితే వాళ్లు తొందరగా నీరసపడతారు, కూర్చుని లేచేటప్పుడు కళ్లు తిరుగుతాయి. మామయ్యగారు వేసుకునేది అలాంటిదేనా అని రాసిన డాక్టర్‌ని ఒకసారి అడగండి, అడగకుండా ఆ రోజుకి మానేద్దాం అని మాత్రం అనుకోవద్దు. ఎన్ని నీళ్లు తాగొచ్చు అన్నది కూడా అప్పుడే అడిగేయండి, గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్లకి లెక్క వేరేగా ఉంటుంది. పెద్దవాళ్లకి దాహం సరిగ్గా తెలీదు, అడిగితే వద్దంటారు, కాబట్టి అడక్కుండా గ్లాసు చేతికివ్వండి. టాయిలెట్ దూరంగా ఉంటే ఆడవాళ్లు నీళ్లు తాగడమే మానేస్తారు, అత్తయ్యగారి విషయంలో ఇది గమనించండి, టాయిలెట్‌కి దగ్గరగా కూర్చోండి.

తలనొప్పి, వికారం, కండరాలు పట్టేయడం మొదలైతే ఆ రోజుకి ఇక చాలు అనుకోవాలి, నీడలో పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టి ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా తాగించాలి. మాట తడబడుతున్నా, ఎక్కడున్నారో తెలీనట్టు మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ, లోపలి టెంపరేచర్ 40 డిగ్రీలు దాటేస్తుంది. అప్పుడు నోట్లో ఏమీ పోయకుండా అంబులెన్స్‌కి ఫోన్ చేసి, అది వచ్చేలోగా బట్టలు వదులు చేసి ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసురుతూ ఉండాలి. చెమట పడుతోంది కదా వడదెబ్బ కాదులే అనుకోవద్దు, చెమట పడుతూ కూడా రావచ్చు.

జారుడుబల్ల ఎక్కించే ముందు మీ అరచేతి వెనక వైపు దాని మీద ఆనించి చూడండి, మీరు ఐదు సెకన్లు ఉంచలేకపోతే పాప తొడలు కాలతాయి. కారులో పిల్లల్ని ఒక్క నిమిషానికి కూడా వదలొద్దు, ఎండలో ఆపిన కారు లోపల పది నిమిషాల్లోనే దాదాపు 10 డిగ్రీలు పెరుగుతుంది, అద్దం కాస్త దించినా పెద్ద తేడా ఉండదు.

పిట్టల_కోసం

సాయంత్రం వద్దండి, పొద్దున్నే వెళ్లండి. ఎండాకాలంలో ఉరుములు, గాలిదుమారాలు ఎక్కువగా వచ్చేది మధ్యాహ్నం తర్వాతే, పగలంతా నేల కాలి కాలి ఆ వేడికే మబ్బులు లేస్తాయి. అప్పుడు నీళ్ల మీద బోటులో ఉండటం కన్నా ప్రమాదం ఇంకోటి లేదు, చుట్టుపక్కల అందరికన్నా ఎత్తులో ఉండేది మీరే. మెరుపు కనిపించి ముప్ఫై సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు, అప్పటికే పిడుగు పరిధిలోకి వచ్చేసినట్టు లెక్క. చెట్టు కిందికి, పక్కలు తెరిచున్న పందిరి కిందికి వెళ్లొద్దు, కట్టిన బిల్డింగ్ లోపలికి గానీ ఇనప టాప్ ఉన్న కారులోకి గానీ వెళ్లి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి రావాలి. మోకాళ్ల నొప్పులున్న ఆవిడని అంత తొందరగా కారు దాకా తీసుకెళ్లగలరా ఆలోచించండి. చీకటి పడేటప్పుడు నీళ్ల పక్కన దోమలు కూడా మామూలుగా ఉండవు.

పొద్దున్నే వెళ్తే ఇంకో లాభం ఉంది, ఆ చెరువుని చెరువులా చూస్తారు. నీళ్లు తగ్గిన ఎండాకాలంలోనే అంచుల్లో పల్చటి నీళ్లు మిగిలి కొంగలు, ఉల్లంకులు ఒడ్డుకి దగ్గరగా వస్తాయి, చేపలు చిన్న జాగాలో చేరతాయి కాబట్టి వాటికి వేట సులువు. లకుముకి పిట్ట ఒకే కొమ్మ మీద కదలకుండా కూర్చుని ఒక్కసారి నిట్టనిలువునా నీళ్లలో పడి, చేపతో అదే కొమ్మ మీదికి వచ్చి, దాన్ని కొమ్మకేసి రెండు మూడు సార్లు కొట్టి మింగుతుంది. తొమ్మిదేళ్ల బాబుకి ఇది చూపిస్తే ఫోన్ మాటే ఎత్తడు. అత్తయ్యగారు కూడా బెంచీ మీంచి కదలకుండానే ఇదంతా చూడొచ్చు. వాటికి బ్రెడ్డూ అవీ వేయకండి, వాటి ఆరోగ్యానికీ నీళ్లకీ రెండిటికీ చెడు.

రెండు చోట్లకి మాత్రం వెళ్లొద్దు. నీళ్లు తగ్గి ఎండిపోయినట్టు కనపడే చెరువు నేల మీదికి పిల్లల్ని పరిగెత్తనివ్వకండి. పైన పలకలు పలకలుగా పగిలి గట్టిగా ఉన్నట్టే ఉంటుంది, నీళ్లకి దగ్గరయ్యే కొద్దీ ఆ పలక కింద మెత్తటి బురద, కాలు పిక్క దాకా దిగిపోతుంది, లాగితే చెప్పు లోపలే ఉండిపోతుంది, కంగారులో రెండో కాలు కూడా వేస్తారు. ఇంకోటి, గాలి లేని మూలల్లో నీళ్ల మీద ఆకుపచ్చ పెయింట్ ఒలికినట్టు చిక్కటి తెట్టు కనిపిస్తే చేతులు కూడా పెట్టనివ్వకండి, కొన్ని రకాల నీలి ఆకుపచ్చ నాచులో విషం ఉంటుంది, కాచినా పోదు, కుక్కలు అవి తాగి చనిపోయిన సంఘటనలు చాలా దేశాల్లో ఉన్నాయి.

ఇద్దరు_పిల్లల_అమ్మ

పొద్దున్నే ఫిక్స్ అండి. ఆరింటికి బయల్దేరుతున్నాం, ముందు బెంచీ మీద కూర్చుని పిట్టలు, ఎనిమిదిన్నరకి బోటు, ఆ తర్వాత చెట్టు మొదట్లో దుప్పటి, తినేసి పదిన్నరకి ఇంటికి. మామయ్య డాక్టర్‌తో రేపు మాట్లాడతాను. అత్తయ్యకి చెప్తే "ఎండెక్కక ముందే వచ్చేస్తామంటే వస్తాను, నాకేం" అన్నారు, ఆ మాటకే నాకు చాలా సంతోషంగా ఉంది. లైట్ల సంగతి పిల్లలకి చలికాలం అని చెప్పాను, కాస్త అలిగారు, సర్దుకుంటారు.

ఒక్కటే మిగిలింది. పాపకి సరిపోయే జాకెట్ అక్కడ లేకపోతే ఏం చేయాలి, నా ఒళ్లో కూర్చోబెట్టుకుని గట్టిగా పట్టుకుంటే సరిపోతుందా?

ఈత_నేర్పేవాడు

సరిపోదక్కా. బోటు ఒరిగితే ముందు మన చేతులు మనల్ని కాపాడుకోడానికే పోతాయి, అది ఎవరి చేతుల్లోనూ ఉండదు. దొరికితే పాప బరువుకి తగ్గ జాకెట్ ముందే కొని ఇంట్లోనే వేసి చూసుకోండి, దాని మీద ఎన్ని కిలోలకి అన్నది రాసి ఉంటుంది. దొరక్కపోతే పాప గట్టు మీద అత్తయ్యగారి దగ్గర ఉంటుంది, తోడుగా మీలో ఒకరు ఉండండి, ఎందుకంటే మోకాళ్ల నొప్పితో ఆవిడ పాప వెనకాల పరిగెత్తలేరు. బాబుతో ఒకరు బోటెక్కండి. పాప ఏడుస్తుంది, ఏడవనివ్వండి, ఆ టైంకి లకుముకి పిట్టని చూపించమనండి.

ఇద్దరు_పిల్లల_అమ్మ

అర్థమైంది తమ్ముడూ. జాకెట్ ఈరోజే చూస్తాను, దొరక్కపోతే పాపతో నేనే గట్టు మీద ఉంటాను.